ఒక్క పొర

6 డిసెంబర్ 2009, ఆదివారం

ఈ నోటుబుక్కు ఫిజిక్స్ రికార్డు కోసం కొన్నది. తెలంగాణ బందులతో కాలేజీ మూసి వారం కావస్తోంది. ల్యాబ్ తాళం ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. తెల్ల కాగితాలు ఊరికే పడి ఉండటం చూడలేక రాస్తున్నాను. నేను తప్ప ఎవరూ చదవరు. ఇంట్లో చదువు వచ్చింది నాకూ, మా చెల్లెలు గోరీకీ మాత్రమే. అది ఐదో తరగతి. దీన్ని ముట్టుకుంటే వీపు విమానం మోత మోగుతుందని ముందే చెప్పాను.

మేము ఇంట్లో మాట్లాడేది మా లంబాడీ భాష. దానికి అక్షరాలు లేవు. కాబట్టి ఇందులో అందరినీ తెలుగులోనే మాట్లాడిస్తాను. అమ్మను పిలిచే 'యాడి' మాత్రం అలాగే ఉంచుతాను.

ఇవాళ ఒకటి కనిపెట్టాను. మా కొట్టం రేకులకు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. వాటిలోంచి నేల మీద వెలుగు మచ్చలు పడతాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. కానీ చిల్లులు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా వంకరటింకరగా ఉంటే మచ్చలన్నీ గుండ్రంగా ఎందుకున్నాయి? అట్టముక్కకు మూడు మూలల చిల్లు పెట్టి చూశాను. నేల మీద గుండ్రమే. నాలుగు మూలలది పెట్టాను. గుండ్రమే. అప్పుడు తట్టింది. అవి చిల్లుల బొమ్మలు కావు, సూర్యుడి బొమ్మలు.

గోరీ వేలు పెట్టి లెక్కబెట్టింది. "గట్లయితే మన కొట్టంల పదిహేడు మంది సూర్యులున్నరక్కా" అంది. మేక వచ్చి రెండు సూర్యుళ్ళ మీద పడుకుంటే కోపంతో దాన్ని లేపేసింది.

10 డిసెంబర్

నిన్న రాత్రి ఢిల్లీలో ప్రకటించారు, తెలంగాణ ఇస్తున్నామని! బాపు భూపాలపల్లి నుంచి ఫోన్ చేశాడు. అక్కడ బొగ్గు బాయిలో కాంట్రాక్టు పని. నెలకోసారి వస్తాడు. మాట వినిపించనంత డప్పుల మోత.

మహబూబాబాద్ వెళ్ళాను. జగపతి సార్ కాలేజీ గేటు దగ్గర ఒళ్ళంతా గులాల్‌తో ఉన్నారు. మా ఫిజిక్స్ లెక్చరర్. లింగాల ఘనపూర్‌లో పెద్ద భూములున్న ఇల్లు ఆయనది. అయినా రోజూ జనగామలో రైలెక్కి వస్తారు. మా సైన్స్ క్లబ్బు పెట్టింది ఆయనే. నాకు మొదటిసారి లెన్సు చేతిలో పెట్టింది ఆయనే.

"దీపా, ఇగ మనకు ఎవ్వరు అడ్డం? పిల్లలకు జిల్లాకో టెలిస్కోపు పెట్టిద్దం" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "జనవరి పదిహేనుకు సూర్యగ్రహణం. పట్టపగలు. మన దగ్గర ముప్పాతిక సూర్యుడు మాయమైతడు. గా రోజు మీ తండాల ఒక్కరు గూడ తలుపులు పెట్టుకొని కూసోవద్దు. బాధ్యత నీది" అన్నారు.

నాకు రెక్కలు వచ్చినట్టుంది.

24 డిసెంబర్

తెలంగాణ మాట వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ బందు.

3 జనవరి 2010

కాలేజీ లేదు. సార్ జనగామలో రిలే నిరాహార దీక్షల టెంటులో ఉంటున్నారు. అయినా గ్రహణం సంగతి మరిచిపోలేదు. హైదరాబాద్‌లో రెండు వందల కళ్ళద్దాలకు చెప్పారట, గ్రహణం చూసే నల్లవి. నేను ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. నవ్వుతున్నారు. గంగి దాది, అంటే మా నాయనమ్మ, నవ్వలేదు.

"చూడొద్దు బిడ్డా. దాన్ని చూసేటిది కాదు" అంది.

"అది చంద్రుని నీడ దాదీ. అంతే."

"నీడనో, పామో. నేనైతే చూడ. మా యాడి చూడలే. మాకేం తక్కువయింది?"

గోరీ నా పక్షం. ఏప్రిల్‌లో దానికి గురుకులం ప్రవేశ పరీక్ష ఉంది. సీటు వస్తే ఆరో తరగతి నుంచి హాస్టల్. రోజూ సాయంత్రం నేనే చెబుతున్నాను. నాకంటే చురుకు. ఆ మాట దానికి చెప్పను.

12 జనవరి

సార్ ఫోన్ చేశారు. రోడ్ల మీద రాస్తారోకోలు, బస్సులు లేవు, అద్దాల పార్శిల్ హైదరాబాద్‌లోనే పడి ఉంది. పదిహేనులోపు రాదు.

నేను కొట్టం చిల్లుల సంగతి చెప్పాను. అట్టకు సూదితో చిల్లు పెట్టి నేల మీద బొమ్మ చూపిద్దామన్నాను.

"కందిగింజంత బొమ్మ చూడనీకి ఎవలొస్తరు దీపా? ముఖమెత్తి సూర్యుని దిక్కు చూడాలె. భయం పోవుడు గదా మనకు గావల్సింది" అన్నారు. కాసేపు ఆలోచించి, "పాత ఎక్స్‌రే ఫిలింలు దొరుకుతయా? నల్లగున్న కాడ కత్తిరించు. రెండు పొరలు అంటించు. ఒక్కటి చాలదు, యాదుంచుకో, రెండు. ఒక్కసారి చూసి దించాలె" అన్నారు.

వెనక ఎవరో మైకులో నినాదాలిస్తున్నారు. పెట్టేశారు.

13 జనవరి

పదకొండు ఫిలింలు దొరికాయి. విరిగిన కాలు, టీబీ రొమ్ము, ఎవరిదో దవడ. బాపుది కూడా. మా యాడి పెట్టె అడుగున దాచింది. అడగకుండా తీశాను.

14 జనవరి

గోరీ, నేను కలిసి కత్తిరించి అంటించాం. ఒక్కో ఫిలింకు నాలుగు ముక్కలు, రెండేసి కలిపితే ఇరవై రెండు. చుట్టూ అట్ట. గోరీ ప్రతి దాని మీద సూర్యుడి బొమ్మ గీసింది.

15 జనవరి, శుక్రవారం

ఏం రోజు! ఏం రోజు!

బడి ముందు ఖాళీ జాగాలో పదకొండింటికే పిల్లలు చేరారు. ఆరుగురు వస్తే గొప్ప అనుకున్నాను, ఇరవై రెండు మంది వచ్చారు. గోరీ కాక. తల్లులు దూరంగా ఇళ్ళ అరుగుల మీద నిలబడ్డారు. గంగి దాది నీళ్ళ బిందె పారబోసి, పొయ్యి ఆర్పి, లోపల గొళ్ళెం పెట్టుకుంది.

పదకొండున్నరకు గోరీయే మొదట అరిచింది, "కొరికింది! కింద కొరికింది!" అని.

రెండు మూడు నిమిషాలు చూసి పిల్లలు ఆటల్లో పడ్డారు, మళ్ళీ వచ్చి చూశారు, మళ్ళీ ఉరికారు. గోరీకి నేను ప్రత్యేకంగా పని అప్పగించాను. అది సూర్యుడిని చూసి ఎంత భాగం పోయిందో చెబుతుంటే నేను కాగితం మీద గీశాను, పక్కన టైము వేశాను. మొత్తం పదమూడు బొమ్మలు. ఒంటిగంటన్నరకు వేసిన ఏడో బొమ్మ అచ్చం కొడవలి. అప్పుడు ఎండ ఎండలా లేదు. పలచగా, చల్లగా, ఎవరో వెలుగులో నీళ్ళు కలిపినట్టు. కోళ్ళు గంపల వైపు నడిచాయి. చివరికి ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా వచ్చి, కొంగు చాటు నుంచి ఫిలిం పెట్టుకుని చూశారు. ఒకామె "అబ్బ, ఎంత ముద్దుగున్నదే" అంది.

సార్ పంపిన విలేకరి బండి మీద వచ్చాడు. ఫిలిం కంటికి పెట్టుకున్న గోరీని ఫోటో తీశాడు. "భయం కాలేదా పాపా?" అని అడిగాడు.

"గది నీడ. నీడకు ఎవరన్న భయపడ్తరా?" అంది గోరీ. ఆ మాట నేను నేర్పింది కాదు.

ఫిలింలు అందరికీ సరిపోయాయి.

16 జనవరి

పేపర్లో ఫోటో వచ్చింది! "గ్రహణం నీడే అన్న తండా చిన్నారి". జిల్లా పేజీలో, పైన. యాడి పేపరు తలకిందులుగా పట్టుకుని మురిసిపోయింది. గోరీ చూసి, "నా మొకం మీద మరకవడ్డది" అని యాడి కొంగుతో తుడిచింది. సిరా అలుక్కుపోయిందేమో అన్నాను. నాకు మరక కనిపించలేదు.

17 జనవరి

మరక గోడ మీద కూడా ఉందట. పళ్ళెంలో అన్నం మీద కూడా.

వెలుగు ఎక్కువ చూస్తే కాసేపు అలా మచ్చ కనిపిస్తుంది. బల్బు చూసినా కనిపిస్తుంది. పోతుంది.

18 జనవరి

పోతుంది.

21 జనవరి

బందు. పేపర్లో మళ్ళీ తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న ఒక విద్యార్థి ఫోటో, చుట్టూ నల్ల గీత. ఆ పేజీ తిప్పేశాను.

గోరీని చదవమంటే పుస్తకం దగ్గరికి, దూరానికి జరుపుతోంది. "అక్షరం మీద చూస్తే అక్షరం పోతున్నది" అంది. యాడికి చెప్పొద్దన్నాను. ఊరికే పరేషాన్ అవుతుందని.

24 జనవరి

పాత క్యాలెండరు వెనక అక్షరాల చార్టు గీశాను. పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. గోడకు కట్టి ఇరవై అడుగుల దూరంలో నిలబెట్టాను. మూడో వరుస దాకా చదివింది.

28 జనవరి

నాలుగో వరుస!

2 ఫిబ్రవరి

ఐదో వరుస మొత్తం. తడబాటు లేదు. నాకు ఏడుపు వచ్చేంత సంతోషం. అది కూడా నవ్వింది. శరీరం తనను తాను బాగు చేసుకుంటుంది. బయాలజీ అదే చెబుతుంది. ఇంకో వారంలో మామూలైపోతుంది. సార్‌కు ఫోన్ చేసి పదమూడు బొమ్మల సంగతి మాట్లాడాను. ఇది చెప్పలేదు. బాగవుతున్నదాన్ని చెప్పడమెందుకు?

4 ఫిబ్రవరి

కొత్త చార్టు రాశాను. అదే గోడకు కట్టాను. గోరీ దాని ముందు నిలబడి పాత చార్టు అక్షరాలే అప్పజెప్పింది. ఐదు వరుసలూ, తప్పు లేకుండా.

5 ఫిబ్రవరి

ఎందుకలా చేశావని అడిగాను. "నువ్వు గంత ఖుషీ అయినవ్ గదా" అంది.

6 ఫిబ్రవరి

యాడికి తెలిసిపోయింది. నేను చెప్పలేదు. బియ్యంలో రాళ్ళు ఏరమని చాట ముందు పెడితే గోరీ రాళ్ళు వదిలేసి బియ్యం ఏరి పడేసింది. యాడి దాని గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నా దిక్కు చూడు. నా ముక్కుకు ఏమున్నది?"

గోరీ చెప్పలేకపోయింది. యాడి ముక్కుపుల్లను పుట్టినప్పటి నుంచి చూస్తోంది. అలవాటుగానైనా చెప్పొచ్చు. అబద్ధం చెప్పడానికి దానికి ఓపిక అయిపోయిందేమో.

గంగి దాది పొయ్యి ముందు చతికిలబడింది. "గ్రహణం పట్టింది" అని మాత్రం అంది, ఎవరితోనో కాదు, పొయ్యితో.

11 ఫిబ్రవరి

వరంగల్ కంటి దవాఖాన. బాపు భూపాలపల్లి నుంచి నేరుగా వచ్చాడు, గోళ్ళలో బొగ్గుతో. నలుగురం బల్ల మీద కూర్చున్నాం.

డాక్టరమ్మ కళ్ళలో మందు వేసి, చీకటి గదిలో లైటు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత గోరీకి తెల్ల కాగితం, పెన్సిలు ఇచ్చింది. మధ్యలో చుక్క పెట్టి, "దీని దిక్కే చూడమ్మా. నీకు మచ్చ ఎక్కడ, ఎట్ల కనిపిస్తుందో గట్లనే గీయి" అంది.

గోరీ నెమ్మదిగా గీసింది. కొడవలి.

డాక్టరమ్మకు అది ఏమిటో వెంటనే తెలియలేదనుకుంటాను. నాకు తెలుసు. ఒంటిగంటన్నర. ఏడో బొమ్మ. కొనలు కూడా అదే వైపు తిరిగి ఉన్నాయి, చూడలేకపోయాను. కంటి లోపల అదే ఆకారంలో కాలింది.

"సూర్యుడిని చూసిందా?"

"గ్రహణం నాడు చూసింది" అన్నాను.

"ఏం అడ్డం పెట్టుకుని చూశావమ్మా?" గోరీని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు గోరీ అంది: "ఉత్త కండ్లతోని చూసిన. అక్క ఫిలిం ఇచ్చింది గని, నేను పక్కకు పెట్టిన."

యాడి గోరీ వీపు మీద ఒక్కటి వేసింది. వెంటనే దాన్ని గుండెకు హత్తుకుంది. బాపు కిటికీ వైపు తిరిగాడు.

నేను ఏమీ అనలేదు. చిన్నపిల్ల. సరిగ్గా గుర్తులేదేమో.

దీనికి మందు లేదట. ఆపరేషన్ లేదట. కొందరికి ఆరు నెలల్లో కొంత తిరిగి వస్తుందట. చూద్దాం అంది.

జూలై పదిహేనుకు ఆరు నెలలు.

19 ఫిబ్రవరి

తండాలో దేవతకు మేకను బలి ఇచ్చారు, గోరీకి పట్టిన గ్రహణం విడవాలని. సూర్యుళ్ళ మీద పడుకున్న మేక అదే. గంగి దాది గోరీ చుట్టూ వేపమండలు తిప్పింది. చూసిన ఇరవై రెండు మంది పిల్లలకు కూడా తిప్పింది. వాళ్ళకు ఏమీ కాలేదు. ఒక్కరికి కూడా.

అందరికీ ఏమీ కాక, గోరీ ఒక్కదానికే ఎందుకయింది అని ఒకామె అడిగింది. "పట్టేటోళ్ళను పడ్తది" అంది దాది. అందరూ తలలూపారు.

నేనూ ఊపాను. ఇంకా చెప్పాలంటే, ఆ మాట విన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. హారతి పళ్ళెం నేనే పట్టుకున్నాను. నేను, దీప, ఎంపీసీ సెకండియర్, సైన్స్ క్లబ్బు కార్యదర్శిని.

20 ఫిబ్రవరి

సాయంత్రాలు నా దగ్గర చదువుకునే తండా పిల్లల్లో ఇవాళ ఒక్కరూ రాలేదు.

7 మార్చి

జనగామ వెళ్ళాను. టెంటులో జగపతి సార్ పూలదండతో కూర్చుని ఉన్నారు, ఆ రోజు దీక్ష ఆయన వంతు. గడ్డం పెరిగింది. గోరీ సంగతి చెప్పాను. ఆయన దండ తీసి పక్కన పెట్టారు. 

"రెండు పొరలేనా?" అన్నారు.

"రెండే సార్."

"అందరికి?"

"అందరికి."

ఊపిరి వదిలారు. "పిల్లనే చెప్పింది గదా, ఉత్త కండ్లతోని చూసిన్నని. మరి ఫిలిందేం తప్పు లేదు. నీదేం లేదు. నాది గూడ..." ఆగిపోయారు. కళ్ళు తడిగా ఉన్నాయి. "దీపా, గీ ముచ్చట బయటికి పోనియ్యకు. ఇగ ఎన్నడు ఒక్క పిల్లగాన్ని గూడ బయటికి రానియ్యరు. మనం చేసిందంత మట్టిపాలైతది."

సరేనన్నాను. రైల్లో వస్తూ కిటికీ దగ్గర కూర్చుని, ఆయనకు ఎంత తేలిక చేశానో, నాకు ఎంత తేలిక చేసుకున్నానో ఆలోచించాను. తర్వాత ఆలోచించడం మానేశాను.

మార్చిలో ఎప్పుడో

పరీక్షలు రాశాను. కాంతి మీద పెద్ద ప్రశ్న వచ్చింది. బాగా రాశాను.

18 ఏప్రిల్

గురుకులం పరీక్ష. గోరీ వెళ్తానని పట్టుబట్టింది. మచ్చ పలచబడిందంది. నేను నమ్మాను, లేదా నమ్ముదామనుకున్నాను. సెంటరు బయట చెట్టు కింద రెండు గంటలు కూర్చున్నాను.

బయటికి వచ్చాక, "ఎన్ని రాసినవే?" అన్నాను.

"అన్ని గుండ్రాలు నింపిన."

"ప్రశ్నలు చదివినవా?"

"గుండ్రాలు నింపిన గదా అక్కా" అంది మళ్ళీ. సోడా కావాలంది. కొనిచ్చాను.

28 మే

ఇవాళ వరంగల్ దవాఖానకు రమ్మన్నారు. పొద్దున్నే బయలుదేరి రోడ్డు మీదికి వచ్చాం. ఆటోలు మహబూబాబాద్ వైపు పోవడం లేదు. స్టేషన్ దగ్గర గొడవ, రాళ్ళు, కాల్పులు అని వెనక్కి వస్తున్నవాళ్ళు చెప్పారు. యాడి భయపడి గోరీని కొంగులో దాచుకుంది. తిరిగొచ్చాం.

నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. ఇంకొన్నాళ్ళు డాక్టరమ్మ ముఖం చూడక్కర్లేదు అనిపించింది.

9 జూన్

గురుకులం జాబితా బడి గోడకు అంటించారు. గోరీ పేరు లేదు. అది జాబితా ముందు నిలబడి, చదువుతున్నట్టు తల కిందికీ పైకీ ఆడించింది. నేను చెప్పేదాకా ఆగింది.

నాకు హనుమకొండ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ సీటు, హాస్టలు వచ్చాయి.

10 జూన్

రాస్తాను. ఇందులోనైనా రాస్తాను.

ఫిలింలు అందరికీ సరిపోలేదు. ఇరవై రెండు జతలు, ఇరవై రెండు మంది పిల్లలు. గోరీకి లేదు. కత్తిరించగా మిగిలిన అంచు ఒకటి ఉంది, బాపు ఫిలింలో భుజం దగ్గరిది, అంత నలుపు కూడా కాదు. ఒక్క పొర. దాన్నే ఇచ్చాను. సార్ చెప్పింది నాకు గుర్తుంది. ఒక్కటి చాలదని గుర్తుంది. పరాయి పిల్లల చేతిలోంచి ఒకటి లాక్కుంటే వాళ్ళ తల్లులు ఏమంటారో, మళ్ళీ ఇళ్ళలోకి తీసుకుపోతారేమో అనుకున్నాను. విలేకరి వచ్చే వేళయింది. మన పిల్లే కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. అచ్చం ఈ మాటలే అనుకున్నాను.

అందరూ రెండు నిమిషాలు చూసి ఆడుకోవడానికి పోయారు. గోరీని మాత్రం మూడున్నర గంటలు నిలబెట్టాను. నాకు బొమ్మలు కావాలి. నేను మాత్రం కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

గ్రహణం పట్టలేదు.

15 జూలై

ఆరు నెలలు.

డాక్టరమ్మ చూసింది. పాత కాగితం తీసి, కొత్త కాగితం ఇచ్చి మళ్ళీ గీయమంది. రెండూ పక్కపక్కన పెట్టింది.

"వచ్చేదుంటే గీపాటికి వచ్చేది. ఇగ ఇంతే అనుకోవాలె" అంది యాడితో. "మధ్యల కనవడదు. పక్క చూపు ఉంటది. నడుస్తది, పని చేసుకుంటది. చదువు మాత్రం కష్టం."

తిరుగు బస్సులో యాడి ముందు సీట్లో కళ్ళు మూసుకుంది. మేమిద్దరం వెనక. నర్సంపేట దాటాక అన్నాను.

"గోరీ. ఆ రోజు నీకిచ్చిన ముక్క ఒక్క పొరదే."

"నాకెరుకే."

"నీకెట్లెరుక?"

"నేనే గదా అంటించింది. ఇరవై రెండు చేసినం. గది నేను అంటియ్యలే."

బస్సు గుంతలో పడి లేచింది.

"మరెందుకు చూసినవే?"

"నువ్వు చెప్పుమన్నవ్ గదా, ఎంత పోయిందో."

"కండ్లు మండలేదా?"

"మండలే. అంత తెల్లగ అయితుండె. నేననుకున్న, అక్క సదువుకున్నది, ఆమెకు తెల్వదా అని."

దవాఖానలో ఉత్త కళ్ళతో చూశానని ఎందుకు చెప్పావని అడిగాను. "యాడి నిన్ను కొడ్తది గదా" అంది. తర్వాత కిటికీ ఊచకు తల ఆనించి నిద్రపోయింది.

17 జూలై

యాడికి చెప్పాను.

వాకిట్లో కూర్చుని నాట్లకు పోయేందుకు చినిగిన చీర కుడుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఫిలింలు, లెక్క, ఒక్క పొర, మూడున్నర గంటలు. గ్రహణం కాదు యాడీ, నేను అన్నాను.

సూది ఆగింది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"గా ఇరవై రెండు మందిల ఒక్కల దగ్గర అడిగి తీస్కోరాకపోయినవా?" అంది.

కింద పడిన దారం ఉండ తీసి చాచాను.

దాన్ని అందుకోకుండానే యాడి మళ్ళీ అంది. గొంతులో కోపం లేదు. "గ్రహణమనుకుంటే, మొక్కుకుంటే విడుస్తదనుకున్న. ఏండ్లయినా మొక్కుదుననుకున్న. ఇప్పుడు నేను ఎవ్వలకు మొక్కాలె?"

లోపలికి వెళ్ళింది. సూది చీరకే గుచ్చి ఉంది. గంగి దాది అంతా విన్నది. 

18 జూలై

బాపుకు ఫోన్ చేసి యాడే చెప్పింది. నన్ను మాట్లాడమని ఇవ్వలేదు. అన్నం పెట్టింది. నీళ్ళు పెట్టింది. కూర ఇంకొంచెం వేయనా అని అడిగింది. బయటి మనిషిని అడిగినట్టు అడిగింది.

19 జూలై

హనుమకొండ హాస్టలులో ఇవాళ చేరాలి. పెట్టె సర్దుకున్నాను. పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. ఉంటే రోజూ దాన్ని చూడాలి. పోతే పారిపోయినట్టు. రెంటిలో ఏది శిక్షో తేల్చుకోలేక పెట్టె మీదే కూర్చున్నాను.

పొద్దున్నే యాడి నాట్లకు బయలుదేరింది. గోరీని కూడా తీసుకెళ్ళింది. బడికి కాదు. బడి ఇక లేదు. వంగి నారు నాటడానికి చేతులు చాలు, కళ్ళు అక్కర్లేదని దాది చెప్పింది. ముందు దాది, వెనక యాడి, యాడి కొంగు పట్టుకుని గోరీ, మడికట్టు మీద ఒకరి వెనక ఒకరు నడిచారు.

"గోరీ, నేను పోతున్న" అని కేకవేశాను.

ఆగింది. వెనక్కి తిరిగింది. నా వైపు కాదు, నాకు ఒక మూర పక్కన, ఏమీ లేని చోటు వైపు కళ్ళు పెట్టి నిలబడింది. ఎటు చూస్తున్నావని అడగబోయాను. అప్పుడు అర్థమయింది. అది నన్నే చూస్తోంది. ఇక మీదట నన్ను చూడాలంటే అది అలాగే చూడాలి.

చేయి ఊపింది. యాడి కొంగు కదిలింది. దానితో పాటు అదీ కదిలింది.